ఒక్క అల్మరాకు సరిపడా

ఇంటి నుంచి,
ముందు గదిలో నేల మీద కూర్చుని

కోడలుపిల్లకి,

మీ అత్తయ్య నీ దగ్గరికి చేరిందని నువ్వు పంపిన రెండు ముక్కల మెసేజ్ చూశాను. ఫోన్ చేద్దామంటే ఆవిడ పక్కనే ఉండి అంతా వింటుంది, నేనేమో తడబడతాను. అందుకే కాగితం పట్టుకున్నాను. నేల మీద కూర్చుని ఎందుకు రాస్తున్నానో నీకు వేరే చెప్పక్కర్లేదు. భోజనాల బల్ల మీద నా బొమ్మ రైలు పట్టాలున్నాయి.

గొడవ సంగతి తన వైపు నుంచి చెప్పే ఉంటుంది. నా వైపు నుంచి కూడా విను. ఆదివారం మధ్యాహ్నం కంచం పట్టుకుని వచ్చి బల్ల దగ్గర నిలబడింది. “కాస్త ఆ వంతెన జరుపుతారా?” అంది. “కదిపితే కూలిపోతుంది, ఈ పూటకి సర్దుకో” అన్నాను. “ఈ పూటా? ఎండాకాలం నుంచీ నిలబడే తింటున్నాను. మీకు తెలుసా?” అంది. తెలియదన్నాను. నిజం చెప్పడమే నా నెత్తి మీదికి వచ్చింది. కంచం తీసుకెళ్లి నా బొమ్మ స్టేషన్ పైకప్పు మీద పెట్టి, లోపలికి పోయి పెట్టె సర్దుకుంది. గుమ్మంలో ఆగి, “ఒక్క అల్మరా. అందులో పట్టేవి ఉంచుకోండి. మిగతావి ఈ ఇంట్లో ఉండకూడదు. ఏవి ఉంచుకుంటారో తేల్చుకున్నాక కబురు పెట్టండి” అంది.

ఒక్క అల్మరా! రెండు గదులూ అటకా మంచాల కిందా నిండిన సరుకు ఒక్క అల్మరాలో ఎలా పడుతుందే? ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ ఇటుకలతో ఈ వయసులో ఆటలేమిటని నవ్వినవాళ్లు నవ్వనీ. రోజంతా ల్యాబ్‌లో ఊళ్లోవాళ్లకి కట్టుడు పళ్ల సెట్లు చేస్తాను. ఒక సెట్టు కాస్త బిగువైతే తిరిగొస్తుంది, కాస్త వదులైతే తిరిగొస్తుంది. సాయంత్రానికి ఎవరి నోటికీ సరిపోనక్కర్లేని పని ఒకటి నా చేతులకి కావాలి. ఇది నీకు తెలుసు. ఆ కోటల మధ్య పాకుతూ పెరిగిన మేనకోడలివి.

కాబట్టి నువ్వే చెప్పు. రైళ్లు, కోటలు, రాకెట్లు, ఆ దుకాణాల వీధి. ఏవి ఉంచుకోను? నాకైతే రైళ్లే అనిపిస్తోంది. మీ అత్తయ్యని మెల్లగా కదిపి చూడు. రైళ్లయితే ఏమంటుందో రాయి.

మీ మావయ్య


కళ్లద్దాల దుకాణం నుంచి,
గిరాకీ లేని మధ్యాహ్నం

మావయ్యా,

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోలేని మొగుడూపెళ్లాల మధ్య నన్ను పోస్టుమాన్‌ని చేశావు. సరే, కానీ. జీతం మాత్రం అడుగుతాను.

“మావయ్య రైళ్లు ఉంచుకుంటాడట” అన్నాను. అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తూ “మంచిది” అంది. ఇంకేమైనా అంటుందేమోనని అక్కడే నిలబడ్డాను. “స్టవ్ మీద పాలున్నాయి, చూడు” అంది. అంతే.

ఇక నా సలహా. మన ఇటుకల పిచ్చివాళ్లలో మూడు రకాలు. పెట్టె విప్పకుండా దాచేవాళ్లు, విప్పి కట్టి అద్దాల వెనక పెట్టేవాళ్లు, కట్టి విప్పి మళ్లీ కట్టేవాళ్లు. ముందు నువ్వు ఏ రకమో చూసుకో. రైళ్లా కోటలా అన్నది ఆ తరవాతి మాట. నాది అద్దె ఇల్లు కాబట్టి నాకు కిటికీ గట్టే కొలత. దాని మీద పట్టిందే నా ఆస్తి. కొత్తది రావాలంటే పాతది విప్పాలి. మొదట్లో ప్రాణం పోయినట్టు ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది.

ఇక్కడి సంగతులు. మా వీధి చివర పాత నాటకశాల ఉంది. దానికి కొత్త తెర కావాలట. అత్తయ్య పరదాలు కుడుతుందని మా ఇంటి ఓనరావిడ అక్కడ చెప్పింది. మర్నాడే పిలిచి పని అప్పగించారు. మీ ఇంట్లో కుట్టు మిషను నడవాలో నీ పెట్టెల మధ్య ఇరుక్కుని ఉండేది గుర్తుందా? ఇక్కడ స్టేజీ అంతా ఆవిడదే. ఇంకా చాలా విశేషాలున్నాయి కానీ నువ్వు అడిగింది రైళ్ల గురించే కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

నీ కోడలుపిల్ల


ల్యాబ్ నుంచి,
చేతికంటిన పళ్ల అచ్చుల ప్లాస్టర్ కడుక్కోకుండానే

కోడలుపిల్లకి,

రైళ్లు కాదు. రైళ్లంటే పట్టాలుండాలి, పట్టాలంటే బల్ల ఉండాలి, బల్ల అంటే మళ్లీ అదే గొడవ. అల్మరాలో ఆగిపోయిన రైలు ఎవడిక్కావాలి? అందుకని కోటలు అనుకున్నాను. పెద్ద కోట దింపి అల్మరాలో పెట్టబోతే బురుజు పట్టలేదు. బురుజు తీసేస్తే అది కోటా? గోడే కదా. తలుపు మూసి, తెరిచి, మళ్లీ మూసి, కోట గేటు చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఒకచోట కాలు నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్లానో గుర్తుండదు, వెనక్కి వస్తాను.

నువ్వు చెప్పిన మొదటి రకం వాడు ఒకడున్నాడు, మా ఇటుకల క్లబ్బులో బ్యాంకు క్యాషియర్. నిన్న వాడింటికి వెళ్లాను. గోడ నిండా పెట్టెలు, ఒక్కటీ విప్పలేదు. “ఒకసారి విప్పితే మళ్లీ కొత్తదవుతుందా సార్?” అన్నాడు. లోపల ఏముందో చూడాలనిపించదా అంటే, పెట్టె మీద బొమ్మ ఉందిగా అన్నాడు. వాడిచ్చిన కాఫీ చల్లారకముందే లేచి వచ్చేశాను. అక్కడ ఇంకాస్త కూర్చుంటే నన్ను కూడా కవరులో పెట్టి అతికించేవాడు.

ఇప్పుడు నా ఆలోచన దుకాణాల వీధి. రొట్టెల దుకాణం, గడియారాల దుకాణం, మంగలి షాపు, పైన బాల్కనీలు. అంతా కలిపి మూడు అరల్లో పడుతుంది. ఈలోగా ఇల్లు కాస్త కంటికి ఇంపుగా ఉండాలని విడి ఇటుకలన్నీ రంగుల వారీగా వేరు చేస్తున్నాను. ఎర్రవన్నీ ఒక డబ్బాలో, నీలంవన్నీ ఒక డబ్బాలో. చూడ్డానికి ఎంత బాగుందో! మీ అత్తయ్యకి ఈ సంగతి చెప్పు. వీధి అయితే ఏమంటుందో కనుక్కో.

మీ మావయ్య


మా ఇంటి నుంచి,
కిటికీ పక్కన

మావయ్యా,

రంగుల వారీగానా? నీకు మతిపోయిందా? నాకు ఏడేళ్లప్పుడు ఎర్రవన్నీ ఒక దగ్గర పోస్తే నెత్తి మీద మొట్టింది ఎవరు? “రంగు ఎక్కడున్నా కంటికి దొరుకుతుంది, ఆకారమే దొరకదు, ఆకారాన్ని బట్టి సర్దాలి” అని పాఠం చెప్పింది ఎవరు? కళ్ల పరీక్షలు చేసి బతుకుతున్నదాన్ని చెబుతున్నా, ఎర్ర కుప్పలో చిన్న ఎర్ర గొళ్లెం వెతకాలంటే నీ తాతలు దిగిరావాలి. అంత తెలిసిన మనిషివి చేతులారా ఈ పని చేశావంటే, నీ బుర్ర ఇటుకల దగ్గర లేదని అర్థం. ఎక్కడుందో నాకు తెలుసు. నీకే తెలియాలి.

వీధి సంగతి చెప్పాను. “బాగుంటుంది” అంది అత్తయ్య. కోపంగా అనలేదు, సంతోషంగానూ అనలేదు. బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

తెర గుడ్డ వచ్చింది. మందపాటి ముదురు ఎరుపు మఖ్మల్. స్టేజీ మీద పరిచి, మోకాళ్ల మీద పాకుతూ అంచు కుడుతోంది. ఇంకొక మాట. ఈమధ్య అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మాట్లాడినా తల వంచుకునే మాట్లాడుతోంది. ఎందుకో నువ్వు అడిగితే చెప్తాను.

నీ కోడలుపిల్ల


ఇంటి నుంచి,
మేడమెట్ల మీద

కోడలుపిల్లకి,

నవ్వుతోందా! అయితే కోపం దిగినట్టే. మంచి కబురు చెప్పావు. వీధి అన్నది సరైన నిర్ణయమేనన్నమాట.

రంగుల గురించి నువ్వన్నది నిజమే. ఒక నల్ల చక్రం కోసం గంటసేపు నల్ల డబ్బా కెలికి, చివరికి డబ్బా బోర్లించి, ఆ కుప్ప మీదే కాలు వేశాను. చెప్పుల్లేకుండా వీటి మీద కాలు వేసినవాడి బాధ పగవాడికి కూడా వద్దు. అన్నీ మళ్లీ కలిపేశాను.

కానీ అసలు చిక్కు వేరే వచ్చిపడింది. వీధిని అల్మరాలో పెట్టే ముందు మిగతావి ఇచ్చేద్దామని కోటను దింపి పెట్టెలో సర్దుతున్నాను. చూస్తే కోట కిటికీలు లేవు. ఏవీ అని వెతికితే, రొట్టెల దుకాణానికి బాల్కనీ కట్టినప్పుడు అవి పీకి అక్కడ పెట్టింది నేనే. సరే, బాల్కనీ విప్పి కోట కిటికీలు కోటకి ఇచ్చాను. బాల్కనీకి కటకటాలు కావాలి. వాటిని రైలు పెట్టె నుంచి తీయాలి. రైలు పెట్టె తలుపులు రాకెట్టులో ఉన్నాయి. రాకెట్టు తోక మంగలి షాపు గుడారం అయింది. ఇన్నేళ్లూ ఒకదాని దగ్గర అప్పు తెచ్చి ఇంకోదానికి పెట్టాను. ఇప్పుడు ఏ ఒక్కటి పూర్తిగా ఉంచాలన్నా మిగతావన్నీ విప్పాల్సిందే. ఏ ఒక్కటి పూర్తిగా ఇచ్చెయ్యాలన్నా అంతే.

తోచక మేడమెట్ల మీద కూర్చున్నాను. లోపలికి వెళ్తే అన్నీ సగం సగం నిలబడి నన్నే చూస్తున్నాయి. వీధి కూడా కాదేమో. ఇంకేదో తట్టాలి. మీ అత్తయ్యకి వీధి ఖాయమని మాత్రం అప్పుడే చెప్పకు.

మీ మావయ్య


ఇంటి నుంచి,
భోజనాల బల్ల మీద (అవును, బల్ల మీదే)

కోడలుపిల్లకి,

నీ జవాబు వచ్చేదాకా ఆగలేక మళ్లీ రాస్తున్నాను. తేలిపోయింది. ఈసారి మారదు.

అన్నీ విప్పేశాను. ముందు కోట, తరవాత రాకెట్లు, ఆ తరవాత వీధి. చివరికి రైళ్లు కూడా. విప్పుతుంటే తెలిసిందేమిటంటే, అద్దాల వెనక ఉన్నంతకాలం వాటి దుమ్ము దులిపానే తప్ప వాటిని చూసింది లేదు. కడుతున్నప్పుడే నాకు సుఖం. కట్టాక అది ఇంకొకరి నోట్లోకి వెళ్లిపోయిన పన్ను లాంటిది. నేను నీ మూడో రకం మనిషిని. ఇన్నాళ్లూ రెండో రకం వేషం వేశాను.

కాబట్టి ఇకమీదట బొమ్మలు కొనను, సెట్లు దాచను. విడి ఇటుకలే. ఒకే అల్మరా, అరల నిండా చిన్న సొరుగులు. రెండు బొడిపెలవి, నాలుగు బొడిపెలవి, పలకలు, తలుపులు, చక్రాలు, అన్నీ ఆకారాన్ని బట్టి. ఎండకి పచ్చబారిన తెల్లవి, పెళుసైపోయిన పాత గోధుమ రంగువి, నా చిన్నప్పుడు పంటితో పీకి గాట్లు పెట్టినవి, ఇవి కూడా ఉంచను. మిగిలినవన్నీ క్లబ్బువాళ్లు వచ్చి వ్యానులో తీసుకెళ్లారు, బడిపిల్లలకి ఇస్తారట. వ్యాను మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. బాధగానే ఉంది. లేదని చెబితే అబద్ధం.

ఇప్పుడు ఏం కట్టినా బల్ల మీద కట్టి, భోజనం వేళకి విప్పేస్తాను. రెండు గదులూ ఖాళీ. మంచాల కింద చీపురు సాఫీగా వెళ్తోంది. ఇంత ఖాళీలో ఏం చెయ్యాలో తోచక గోడ నుంచి గోడకి నడుస్తున్నాను. మీ అత్తయ్య అడిగింది అడిగినట్టే చేశాను, ఇంకా చెప్పాలంటే అల్మరాలో ఒక అర మిగిలింది కూడా. వెంటనే చెప్పు. చెప్పి ఆవిడ ఏమందో రాయి.

మీ మావయ్య


మా ఇంటి నుంచి,
బల్ల మీద నీ ఉత్తరాలన్నీ పరుచుకుని

మావయ్యా,

చెప్పాను. నేను ఎగిరి గంతేస్తున్నట్టు చెప్పాను. అల్మరా, సొరుగులు, వ్యాను, ఖాళీ గదులు, అన్నీ. అత్తయ్య చివరిదాకా విని, “మంచిపని చేశారు” అని మళ్లీ గుడ్డ ముందుకు లాక్కుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఇంకేం కావాలి అత్తయ్యా నీకు? ఆయన ప్రాణం లాంటివి అన్నీ వదిలేశాడు” అన్నాను. అప్పుడు అంది. “ఇటుకల గురించి తేల్చుకున్నారు, సంతోషం. నా గురించి ఏమైనా రాశారా?”

రాసే ఉంటావు, నేనే చెప్పడం మరిచిపోయి ఉంటాను అనుకుని నీ ఉత్తరాలన్నీ తీసి మొదటి నుంచీ చదివాను. మావయ్యా, ఒక్కదాంట్లో కూడా లేదు. రైళ్లయితే ఏమంటుంది, వీధి అయితే ఏమంటుంది, అంతే. ముక్కూమొహం తెలియనివాళ్లకి రాసినా పైన ఒక ముక్క రాస్తారు, “అందరూ క్షేమమని తలుస్తాను” అని. నువ్వు అది కూడా రాయలేదు. ఎలా ఉందో అడగలేదు. ఇంటికి రమ్మని అనలేదు. పరీక్ష రాసి మార్కుల కోసం చూస్తున్నట్టు కూర్చున్నావు. మొదట్లో నాకు తమాషాగా ఉండేది, ఇప్పుడు చాలా కోపంగా ఉంది.

ఇక విను. తెర కుట్టే దారం నైలాన్‌ది, మొండిది. కత్తెర అందక పంటితో కొరికింది. పైన ముందు పన్ను విరిగింది. డాక్టరు మిగిలిన ముక్క కూడా తీసేయాల్సి వచ్చింది. రెండు రోజులు జ్వరం కూడా తగిలింది. నువ్వు “నవ్వుతోందా, కోపం దిగినట్టే” అని రాసిన ఉత్తరం వచ్చిననాడు ఆవిడ జావ తాగి పడుకుని ఉంది. నీకు ఫోన్ చేస్తానంటే నా చెయ్యి పట్టుకుని, “ఆయన అడిగితే చెప్పు. అడక్కపోతే నువ్వుగా చెప్పకు” అంది. ఆ మాటకి కట్టుబడి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇవాళ మాట తప్పుతున్నాను, ఆవిడకి చెప్పే తప్పుతున్నాను. “నీ ఇష్టం” అంది.

ఊరందరికీ పళ్లు కట్టే మనిషి భార్య, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వీధిలో నడుస్తోంది. ఏం చేస్తావో నీ ఇష్టం. నేను మాత్రం ఇక ఎవరి కబుర్లూ మొయ్యను.

కోడలుపిల్ల


రైల్వే స్టేషన్ నుంచి,
బెంచీ మీద

కోడలుపిల్లకి,

ఏ పన్ను? కుడివైపుదా, ఎడమవైపుదా? పక్క పన్ను కదులుతోందా? చిగురు మానిందా? ఏం తింటోంది? జ్వరం మళ్లీ వచ్చిందా?

ఇవన్నీ ఉత్తరంలో రాసి ఏం లాభం, ఉత్తరం కన్నా ముందు నేనే చేరతాను. అయినా చెయ్యి ఊరుకోవడం లేదు. ల్యాబ్ మూసి బోర్డు పెట్టాను. బండి ఆలస్యమట. ప్లాట్‌ఫాం ఆ చివరికి వెళ్లి వస్తున్నాను, కూర్చుంటున్నాను, మళ్లీ లేస్తున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన “ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?” అని అడిగాడు. నా భార్యకి అన్నాను. చెప్పగానే ఏడుపొచ్చింది. ఈ కాగితం పోస్టులో వేస్తానో, జేబులోనే ఉంచేసుకుంటానో తెలియదు.

మీ మావయ్య


నీ ఇంటి నుంచి,
నీ కిటికీ గట్టు దగ్గర

కోడలుపిల్లకి,

నేను దిగేసరికి నువ్వు మీ దుకాణంవాళ్ల ట్రైనింగని ఊరెళ్లావు. కావాలనే వెళ్లావని నాకు అనుమానం. వచ్చాక చదువుతావని ఇది ఇక్కడ పెడుతున్నాను. స్టేషన్లో రాసింది కూడా దీని కింద ఉంది.

తలుపు మీ అత్తయ్యే తీసింది. పెదవులు బిగించుకుని ఉంది. “బల్ల ఖాళీ అయిందట కదా?” అంది. అయిందని తలూపి లోపలికి వెళ్లాను. సాయంత్రం నాటకశాలకి వెళ్తుంటే వెనకాలే వెళ్లాను. ఈ మనిషి పని చేస్తుండగా నేను సరిగ్గా చూడటం ఇదే మొదటిసారి అంటే నమ్ముతావా? స్టేజీ అంత గుడ్డ. దాని మీద మోకాళ్లూని, కొలత బద్ద లేకుండా, ఒక్క మడత వంకర పోకుండా కుట్టుకుంటూ పోతోంది. నేను రెండో అంచు పట్టుకుని నిలబడ్డాను. “గట్టిగా లాగకండి” అంది. అంతే.

ఇవాళ పొద్దున్న సంచి విప్పి నా సామాను బయట పెట్టాను. ట్రే, పొడి, కలిపే గిన్నె, పళ్ల రంగు సరిచూసే పట్టీ. “కొత్త పన్ను కట్టడానికి అచ్చు తీస్తాను, కూర్చో” అన్నాను. ఏమనుకుందో, వచ్చి కుర్చీలో కూర్చుంది. ముందు రంగు చూశాను. ఊళ్లో సగం మంది పళ్ల రంగు నాకు నంబరుతో సహా నోటికి వచ్చు. ఆవిడది తెలియదు. పట్టీ పక్కన పెట్టి చూస్తేగానీ తెలియలేదు. సిగ్గుపడ్డాను.

పొడి కలిపి ట్రేలో వేసి నోట్లో పెట్టాను. నీకు తెలుసుగా, గట్టిపడేదాకా నోరు కదపకూడదు, మాట్లాడకూడదు. ట్రేని రెండు వేళ్లతో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ జవాబు చెప్పలేని సమయం నాకు దొరికింది. అప్పుడు అడిగాను.

ఎలా ఉన్నావు అన్నాను. నొప్పి బాగా వేసిందా అన్నాను. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదో కూడా చెప్పాను. “అడిగితే ఇక్కడే హాయిగా ఉందంటావని భయం. ఇటుకల గురించి నువ్వేమన్నా పడగలను, ఆ మాట పడలేను. అందుకని రైళ్లు, కోటలు అంటూ చుట్టూ తిరిగాను” అన్నాను. “ఇల్లంతా ఖాళీ చేశాను, అందులో ఎక్కడా కూర్చోబుద్ధి కావడం లేదు. ఇంటికి రా. ఈ తెర అయ్యేదాకా రానంటే అంచు పట్టుకుని ఇక్కడే ఉంటాను. ఆ తరవాత కూడా రానంటే, ఆ తరవాత కూడా ఉంటాను. నువ్వు లేకుండా నాకు బాగోలేదు” అన్నాను. ఆవిడ కళ్లు నా మీంచి తిప్పలేదు. చెంపల మీదుగా నీళ్లు జారి నా వేళ్ల మీద పడ్డాయి. ట్రే మాత్రం కదలనివ్వలేదు.

గట్టిపడ్డాక బయటికి తీశాను. ఆవిడ పుక్కిలించింది. కొంగుతో మూతి తుడుచుకుంది. నా చేతిలో ఉన్న అచ్చు వైపు ఓసారి చూసింది, నా వైపు చూసింది.

“సరిగ్గా వచ్చినట్టు లేదండీ. ఇంకోసారి తీయండి” అంది.

కోడలుపిల్లా, అంత చక్కగా వచ్చిన అచ్చు నా సర్వీసులో లేదు. మారుమాట్లాడకుండా మళ్లీ పొడి కలిపాను.

మీ మావయ్య